తలుపు కొడితే ఏం చేస్తారు?

మా బడి మూతపడుతుందని మాకు ముందు చెప్పింది కరస్పాండెంటు కాదు, ఆటో డ్రైవరు. ఒకప్పుడు పొద్దున గేటు ముందు ఆటోలు నిలపడానికి జాగా ఉండేది కాదు. ఆ ఏడు ఒకే ఒక్క ఆటో వచ్చేది, అది కూడా సగం ఖాళీగా. "టీచరమ్మా, వచ్చే యేడు నేను స్కూలు కిరాయి ఒప్పుకుంటలేను. మీ స్కూలే ఉండదంటున్నరు గదా," అన్నాడతను. నేను అతని మీద గయ్యిమని లేచాను. ఎవడన్నాడు, ఎందుకన్నాడు అని ఆరా తీసి, అతని చేత సారీ చెప్పించుకుని లోపలికి పోయాను. వారం తిరక్కుండానే కరస్పాండెంటు మమ్మల్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అదే మాట చెప్పాడు. ఆయన మీద మాత్రం నాకు నోరు లేవలేదు.

గోదావరిఖనిలో బడి నడవాలంటే బాయి నడవాలి. నేల లోపలి గనిని మేం బాయి అంటాం. ఒక్కో బాయికీ తాళం పడుతుంటే కార్మికులకు బదిలీలొచ్చాయి. కొందరు నస్పూరుకు, కొందరు కొత్తగూడెం వైపు పోయారు. పిల్లలు కూడా వాళ్ళతోపాటే పోయారు. ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచే తవ్వే గనిలో, పెద్ద పెద్ద మిషన్లు పనిచేస్తాయి, మనుషులు అంతగా అక్కర్లేదు. మా ఆయన అక్కడే కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. కాలనీ క్వార్టర్లు వరసలకు వరసలు ఖాళీ అయ్యాయి. నా క్లాసులో వెనక బెంచీలు ఖాళీ, తర్వాత మధ్య బెంచీలు ఖాళీ. చివరికి ముందు బెంచీలో కూర్చున్న నలుగురికి త్రికోణమితి చెబుతూ, నలభై మందికి చెప్పినంత గట్టిగా అరిచేదాన్ని. అలవాటు పోలేదు.

నేను లెక్కల టీచర్ని. నాకు వేరే ఏ పనీ రాదు, రావాలని కోరిక కూడా లేదు. కోపం ఎక్కువ. తిడతాను, అరుస్తాను, లెక్క వచ్చిందాకా వదలను. నలభై దాటిన ఆడమనిషికి, అదీ ఈ ఊళ్ళో, ఇంకో బళ్ళో ఉద్యోగం దొరకడం కల్ల. ఉన్న బళ్ళలోనే టీచర్లను తీసేస్తున్నారు. బోర్డు ముందు నిలబడకుండా మిగతా బతుకు ఎట్లా వెళ్ళదీయాలో తెలియక ఆ రోజుల్లో ఊరికే ఊరికే ఏడుపొచ్చేది.

అప్పుడే వాట్సాప్‌లో ఆ మెసేజీ వచ్చింది. అమెరికాలో సర్కారు బళ్ళకు లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు కావాలట. బయటి దేశాల నుంచి తీసుకుంటారట. కొన్నేళ్ళ వీసా. మా బళ్ళో సైన్సు చెప్పే టీచరు అది నాకు చూపించింది. మంథని అమ్మాయి. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి గుడి సేవ, కాదంటే బడి. నాకన్నా పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. మెత్తని మనిషి. పిల్లలు అల్లరి చేస్తే ఆమె తిట్టదు, నా దగ్గరికి పంపిస్తుంది.

"పోదామా అక్కా?" అంది.

"మనకెవలిస్తరే?" అన్నాను. కానీ ఆ మెసేజీని ఆ పూటే నాలుగుసార్లు చదివాను.

ఏజెన్సీ నడిపేది చౌరస్తా దగ్గర, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పైగదిలో. నడిపే ఆయన తండ్రి కృష్ణా వైపు నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈయన కాలనీలోనే పుట్టి పెరిగాడు, అయినా యాస మాత్రం ఇంట్లోదే, కోస్తాదే. ప్రతి మాటకూ చివర 'అండి' తగిలిస్తాడు. "అక్కడ లెక్కల టీచర్లు దొరకట్లేదండి మేడం గారూ. మీలాంటి వాళ్ళకి ఎర్ర తివాచీ పరుస్తారు," అన్నాడు.

"గంత పెద్ద దేశంల లెక్కలొచ్చినోళ్ళు లేరా?" అన్నాను.

"ఉన్నారండి. బళ్ళో ఉండట్లేదు."

ఎందుకు ఉండటం లేదని నేను అడగలేదు. అడగాలని తోచలేదు. నాకు కావలసింది బోర్డూ, ఎదురుగా పిల్లలూ. అవి ఉన్నచోట ఎవరైనా ఎందుకు ఉండరో నా బుర్రకు అందే సంగతి కాదు.

మా డిగ్రీలు అక్కడి డిగ్రీలకు సరితూగుతాయని రాయించుకోవడానికి యూనివర్సిటీ చుట్టూ తిరిగాం. ఆదివారాలు ఆ పైగదిలో ట్రైనింగు. కెమెరా వైపు చూసి మాట్లాడాలి. నవ్వాలి. పిల్లవాడు తప్పు చెప్పినా ముందు మెచ్చుకోవాలి. వీపు మీద తట్టకూడదు, చెవి పట్టుకోకూడదు, గాడిదా అనకూడదు. "మరి లెక్క ఎట్లొస్తదండీ వాళ్ళకు?" అని అడిగితే మంథని అమ్మాయి నా మోచేయి గిల్లింది. నాకు నవ్వడం నేర్పడానికి ఆయన పడిన పాట్లు చూస్తే జాలేసేది. నేను నవ్వితే తిట్టబోతున్నట్టు ఉంటుందట.

ఒక ఆదివారం ఆయన "ఇవాళ లాక్‌డౌన్ నేర్చుకుందాం అండి," అన్నాడు. కరోనా మళ్ళీ వచ్చిందా అనుకున్నాం. కాదు. అక్కడి బళ్ళలోకి ఎవరైనా తుపాకీతో వస్తే టీచరు ఏం చెయ్యాలో అది. తలుపుకు గడియ వెయ్యాలి. లైట్లు ఆర్పాలి. తలుపు అద్దానికి కాగితం అడ్డం పెట్టాలి. పిల్లల్ని బయటికి కనపడని మూలకు చేర్చి, నేల మీద కూర్చోబెట్టి, కిక్కురుమనకుండా చూడాలి. పోలీసులో, ప్రిన్సిపాలో తాళంచెవితో వచ్చి తీసేదాకా తలుపు తియ్యకూడదు. వాళ్ళు దాన్ని యేటా పిల్లల చేత ప్రాక్టీసు చేయిస్తారట, మన దగ్గర జెండా పండుగకు డ్రిల్లు చేయించినట్టు.

"ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారండి," అన్నాడు ఆయన. "మీ క్లాసు పిల్ల ఒకతి బాత్రూంకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే అలారం మోగింది. మీరు తలుపు మూసేశారు. ఆ పిల్ల వచ్చి తలుపు కొడుతోంది. ఏం చేస్తారు?"

"తీసి లోపటికి గుంజుకుంట," అన్నాను.

"తియ్యకూడదండి."

"ఏందండీ మీరనేది? నా క్లాసు పిల్లనంటిరి కదా."

"ఆ పిల్ల వెనకాల ఎవరున్నారో మీకు తెలీదు కదండి. లోపల పాతికమంది ఉన్నారు."

"పేరు పెట్టి పిలిచి, భయపడకు అని చెప్పొచ్చా, లోపల్నుంచి?" అని అడిగింది మంథని అమ్మాయి.

"చెప్పకూడదండి. లోపల మనుషులున్నట్టు తెలిసిపోతుంది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన మంచివాడే. ఆయనకూ ఆ మాట చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. టీ తెప్పిస్తానని కిందికి దిగిపోయాడు.

నేను పుట్టిన కాలనీలో సైరన్ మా గడియారం. షిఫ్టు వేళకు మోగితే ఎవరూ తలెత్తి చూడరు. వేళ కాని వేళ మోగిందంటే బాయిలో ప్రమాదమే. అప్పుడు మా అవ్వ, అంటే అమ్మ, ముందు చేసే పని, ఇంటి తలుపులు రెండూ బార్లా తెరవడం. వీధి తలుపూ, పెరటి తలుపూ. తర్వాతే బాయి వైపు పరుగు. కాలనీ మొత్తం అంతే. "తలుపులేసుకోని పోతే, ఎవలన్న దెబ్బ తాకినోళ్ళను తెస్తే ఏడ పండవెడ్తరు?" అనేది. ఆ పూట ఎవరి పిల్లలు ఎవరింట్లోనైనా దూరి కూర్చోవచ్చు. ఎవరు ఏం పెడితే అది తినేవాళ్ళు. బళ్ళో అయితే హెడ్మాస్టరు సారే గది గదికీ వచ్చి తలుపులు తీసేవాడు, గేటు తీయించేవాడు, మమ్మల్ని పొమ్మనేవాడు. నేను టీచరైన తర్వాత కూడా, బాయిలు నడిచినన్ని రోజులూ, అట్లనే చేశాను.

నాయన సపోర్టుమన్. బొగ్గు తీసిన చోట పైకప్పుకు కట్టె దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఇంట్లో ఎక్కువ మాట్లాడేవాడు కాదు గానీ ఒక్కటి మాత్రం మాకు పదేపదే చెప్పేవాడు. "పైకప్పు సప్పుడు చేస్తే పక్కనున్నోని చెయ్యి వట్టుకోని ఉరుకాలె. ఒక్కనివి ఉరుకద్దు." బాయిలో కలిసి పనిచేసేవాణ్ణి వదిలి వచ్చినవాడితో కాలనీలో ఎవరూ మాట్లాడరు. అట్లాంటివాడు ఒకడుండేవాడు, పెళ్ళికీ పిలిచేవాళ్ళు కాదు, చావుకీ పిలిచేవాళ్ళు కాదు. వాడి తప్పేమిటో నాకు చాలా రోజులు తెలియదు. తెలిసిన రోజు నుంచి నేనూ ఎప్పుడూ వాడి వైపు చూడలేదు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. తెర మీద ముగ్గురు. మధ్యలో ఒక తెల్లజుట్టు ప్రిన్సిపాలమ్మ, కళ్ళజోడు, మంచి మొహం. నన్ను భిన్నాలు చెప్పమన్నారు, చెప్పాను. జొన్నరొట్టె తుంచి చూపించి చెప్పాను. నాకు తెలియకుండానే నవ్వాను కూడా. ఆ అమ్మ నోట్సు రాసుకుంటూ తలూపింది. అయిపోయింది, గెలిచాననుకున్నాను. చివర్లో ఆ ప్రశ్న వచ్చింది.

సరైన జవాబు నాకు నాలుక చివరే ఉంది. ఆయన మాతో వల్లె వేయించాడు. కానీ నోరు తెరిచేసరికి "తలుపు తీస్తాను," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. సైరన్ సంగతీ, మా అవ్వ సంగతీ, నాయన మాటా అంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుపోయాను. ఆ అమ్మ అడ్డు చెప్పకుండా విన్నది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ మనసు నాకు అర్థమైంది. అట్లా చేసే మనిషికి నా బళ్ళో తరగతి అప్పగించలేను," అన్నది. కోపంగా అనలేదు. ఎంతో బాధపడుతూ అన్నది, నాకది ఇంకా కష్టమనిపించింది.

నా తర్వాత మంథని అమ్మాయి కూర్చుంది. తలుపు తియ్యనని చెప్పింది. ఆమెకు వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు, ఆమె స్వీటు డబ్బా తెస్తే చక్కెర రోగమని అబద్ధం చెప్పి ముట్టలేదు. పది రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. చివరికి ఆమే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, నేను ఊకె చెప్పిన. గట్ల చేస్తనా నేను? పిల్ల వచ్చి తలుపు కొడ్తుంటె తియ్యకుంట ఉంటనా? జవాబు కావాలన్నరు, ఇచ్చిన," అంది. అప్పుడు నా కోపం చల్లారింది. నేను చెప్పలేని అబద్ధం ఆమె చెప్పింది, అంతే కదా అనుకున్నాను. రైలెక్కే రోజు స్టేషనుకు పోయి పులిహోర కట్టిచ్చాను.

బడి మూసిన రోజు మాకు తలా ఒక శాలువా కప్పారు. బెంచీలు ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు తీసుకుపోయారు. నేను లక్ష్మీనగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లింగు కౌంటర్లో చేరాను. లెక్కలు వచ్చినదానివి కదా అన్నారు. అక్కడ లెక్కలన్నీ మిషనే చేస్తుంది, నేను మీటలు నొక్కాలి. పాత పిల్లలు తల్లులతో వచ్చి "టీచర్, మీరిక్కడ?" అనేవాళ్ళు. ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ ఎదురుగా ఎవరూ లేకుండా పైథాగరస్ చెప్పుకునేదాన్ని. మా ఆయన విని, విననట్టు డ్యూటీకి పోయేవాడు.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, బియ్యం కడుగుతుంటే మంథని అమ్మాయి ఫోను చేసింది. వారం వారం చేస్తూనే ఉండేది. మంచు గురించీ, అక్కడి కూరగాయల గురించీ చెప్పేది. ఆ రోజు మాత్రం మంచు ఊసే ఎత్తలేదు.

"ఏమైందే?"

"మొన్న అలారం మోగింది అక్కా."

నేను గిన్నె కింద పెట్టాను.

"మైకుల చెప్పిండ్రు. నేను తలుపేసిన, లైట్లార్పిన, అందర్ని మూలకు కూసోవెట్టిన. ఒక పిల్ల బయట ఉండె. రోజు నా క్లాసుల్నే బాత్రూంకు పోతదది. వచ్చి కొట్టింది అక్కా. మెల్లగ కొట్టింది. మిస్, నేను, అన్నది. పేరు గూడ చెప్పింది, నేను గుర్తు వడ్తనో లేదోనని."

"నువ్వు..."

"తియ్యలే."

ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"లోపటున్నోళ్ళంత నా మొకమే చూస్తున్నరు. తియ్యమని ఒక్కలు గూడ అన్లే. వాళ్ళకు అలవాటే అక్కా, నాకే కొత్త. కొద్దిసేపటికి కొట్టుడు బందయింది. నేను చెవులు మూసుకున్న."

ఆఖరికి ఏమీ లేదట. మరమ్మతుకు వచ్చినవాడి చేతిలో పనిముట్టును చూసి ఎవరో పొరపడ్డారట. పోలీసు వచ్చి తలుపు తీసేసరికి ఆ పిల్ల బయట వరండాలో నీళ్ళ కుళాయి కింద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉందట. లోపలికి వచ్చి, తన చోట కూర్చుని, పుస్తకం తీసిందట. మీటింగులో ప్రిన్సిపాల్ ఈమెను మెచ్చుకుంటే అందరూ చప్పట్లు కొట్టారట.

"ఆ పిల్ల వాళ్ళమ్మ గూడ వచ్చింది. చెయ్యి వట్టుకోని థాంక్స్ చెప్పింది. నన్ను తిట్టు అక్కా. ఇక్కడ ఎవ్వరు తిడ్తలేరు."

నాకు తిట్టడం చేతకాకపోవడమేమిటి? ఊళ్ళో సగం మందిని తిట్టి పెంచినదాన్ని. ఆ రోజు మాత్రం "తిన్నవా?" అని అడిగాను. తిన్న అంది. ఆ తర్వాత ఆమె ఫోన్లు తగ్గిపోయాయి.

ఎండలు ముదురుతుండగా ఏజెన్సీ ఆయన దుకాణానికే వచ్చాడు. అమెరికాలోనే ఇంకో ఊళ్ళో బడి. లెక్కల టీచరు మధ్యలో మానేసిందట, తొందరగా కావాలట. "ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా చెప్పండి మేడం గారూ. మిగతాదంతా మీకు నల్లేరు మీద నడకే," అన్నాడు. ఆలోచించి చెబుతానని అనలేదు. ఎప్పుడు అని అడిగాను.

ఈసారి తెర మీద ఒకే మనిషి, కుర్రవాడు, హుషారుగా ఉన్నాడు. ప్రశ్న అడిగాడు. తియ్యనన్నాను. పిల్ల పేరు పెట్టి పిలిస్తే అన్నాడు. అప్పుడూ తియ్యనన్నాను. చాలా బాగా చెప్పారన్నాడు. మంథని అమ్మాయి లాగా ఊరికే చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకోలేను. ఆమె ఫోను విన్న తర్వాత చెప్పినదాన్ని నేను. బోర్డు కోసం చెప్పాను. సిగ్గనిపించింది, సంతోషం కూడా అనిపించింది, రెండూ ఒకేసారి.

మా ఆయన "ఏమన్నవ్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నాయన కూడా బాయిలో చేసినవాడే. డ్యూటీ బూట్లు తొడుక్కుంటూ, "సరే తియ్," అన్నాడు.

ఇప్పుడు వీసా కోసం ఎదురుచూస్తున్నాను. మొన్న ఆదివారం ఏజెన్సీ ఆయన పైగదికి రమ్మన్నాడు. కొత్తగా ముగ్గురు చేరారు. "మీరు చెబితే వింటారండి," అన్నాడు. నవ్వడం నేర్పాను, నాకే నవ్వొచ్చింది. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. నోటితో చెబితే తలకెక్కదు, చేసి చూపిద్దామన్నాను. నేను బయట వరండాలో నిలబడి పిల్లలా తలుపు కొడతాను, కాసిపేట నుంచి వచ్చిన అమ్మాయి లోపల టీచరు. ఆమెది కూడా లెక్కలే. తండ్రి బాయిలోనే చేశాడట.

కొట్టాను. "మిస్, నేను," అన్నాను. వెంటనే తీసింది. లోపల మిగతా ఇద్దరూ నవ్వారు.

"చెయ్యి అదే పోయింది టీచర్," అంది సిగ్గుపడుతూ. తర్వాత నవ్వు ఆపి నా కళ్ళలోకి చూసింది. "మీరు నిజంగ తియ్యకుంట ఉంటరా?"

"తియ్యొద్దమ్మా. మళ్ళ చేద్దాం," అన్నాను. నా గొంతు బళ్ళో గొంతులాగే గట్టిగా వచ్చింది.

బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. లోపల గడియ పడింది. మళ్ళీ కొట్టాను. ఈసారి గట్టిగా, నిజంగా భయపడ్డ పిల్ల కొట్టినట్టు. మిస్, మిస్ అన్నాను. పిల్లలతో లెక్కల సూత్రం వల్లె వేయించినట్టు, వదలకుండా కొట్టాను. వేళ్ళ కణుపులు నొప్పెట్టాయి. తలుపుకు చెవి ఆనించి విన్నాను.

లోపల చప్పుడు లేదు. ఆ అమ్మాయి నేర్చేసుకుంది.